ఎంతలో ఆగుతుందండీ?

పూర్వం మన ఇళ్ళల్లో కొత్త కారు కొంటే, చూడ్డానికొచ్చినవాళ్ళు "లీటరుకెంతిస్తుంది?" అని అడిగేవారు. ఆ ప్రశ్నలో కాస్త పిసినారితనం ఉంటే ఉండనీండి, అర్థం ఉండేది. ఇప్పుడు జూబిలీహిల్స్‌లో ఎవరింటికి పేరంటానికెళ్ళినా, ఫిలింనగర్‌లో ఏ విందులో మగవాళ్ళ గుంపు పక్కనించి నడిచినా, చెవినబడే ప్రశ్న వేరు. "జీరో టు హండ్రెడ్ ఎంతండీ?"

"ఆరు పాయింట్ ఏడు" అంటాడొకాయన. "మాది అయిదు పాయింట్ రెండు" అంటాడు పక్కాయన, కొడుకు ఎంసెట్ ర్యాంకు చెప్పినట్టు. ఈ లెక్కలోనూ అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప కదా! మూడో ఆయన మూడు పాయింట్ ఎనిమిది అన్నాడంటే ఇక మిగతా ఇద్దరూ గారెలు తినడంలో మునిగిపోవలసిందే.

నాకు తెలీకడుగుతాను. నిల్చున్న చోటినించి నూరు కిలోమీటర్ల వేగానికి ఎన్ని సెకండ్లలో వెళుతుందన్నది ఈ కొండల మీద కాపురముండే మనకి దేనికి పనికొస్తుంది? చెక్‌పోస్ట్ దగ్గర సాయంత్రం ఆరింటికి నూరు కాదుగదా, పదిలో పోనిస్తే అదే పదివేలు. డివైడరున్న పెద్ద రోడ్డు మీదే నగరంలో కారుకి అరవై దాటకూడదని 2023లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. కాలనీ రోడ్డయితే ముప్ఫై. అంటే మనవాళ్ళు లక్షలు పోసి కొని, పేరంటాల్లో చెప్పుకు మురిసిపోతున్న ఆ అంకెని ఈ ఊళ్ళో ఒక్కసారి వాడి చూసినా చలాను ఇంటికొస్తుంది.

ఎలక్ట్రిక్ కారంటే నాకు పడదనుకునేరు! పొగ లేదు, చప్పుడు లేదు, గేర్లతో కుస్తీ లేదు. ఎత్తు మీద ఆగి మళ్ళీ కదిలేటప్పుడు వెనక్కి జారిపోతుందేమోనన్న గుండెదడ చాలామటుకు తగ్గింది. 2024 నవంబరు 18 నించి తెలంగాణలో వాటికి రోడ్డు పన్నూ, రిజిస్ట్రేషను రుసుమూ మాఫీ చేసినప్పుడు మా వీధిలో పచ్చ నంబరు ప్లేట్లు వర్షానికి మొలిచిన గడ్డిలా మొలిచాయి. సంతోషమే. సినిమావాళ్ళు అంతకుముందే మొదలుపెట్టారు. 2022లో మహేష్‌బాబు ఆడి ఈ-ట్రాన్ కొన్నారు, తరవాత నాగార్జున కియా ఈవీ6 కొన్నారు. హీరో కొన్నది పక్కవీధి డాక్టరుగారూ కొంటారు, ఆయన కొన్నది మా మరిదీ కొంటాడు. అదీ సంతోషమే. నా తగువల్లా వాటిని ఏ అంకెతో అమ్ముతున్నారు, ఏ అంకె దాస్తున్నారు అన్న దాని మీద.

అమ్మే అంకెకి నిజానికి అంత విలువ లేదు. ఎందుకో చెప్తాను. పెట్రోలు ఇంజను కాస్త తిరిగి ఊపందుకుంటేగాని పూర్తి బలం చూపించలేదు. ఎలక్ట్రిక్ మోటారు అలా కాదు. మిక్సీ చూడండి, మీట నొక్కీ నొక్కకముందే పచ్చడి మూతకి తగులుతుంది! చక్రం తిరగడం మొదలుపెట్టిన క్షణాన్నే మోటారు బలమంతా అందుబాటులో ఉంటుంది. అంచేత ఎలక్ట్రిక్ కారుకి ఉరుకు పుట్టుకతో వచ్చిన గుణం. 2020లో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీ, మామూలు సంసారుల కారు, నూరుకి 9.9 సెకండ్లని చెప్పుకుంది. బీవైడీ ఆటో 3 అయితే 7.3. 2024 నవంబరులో వచ్చిన మహీంద్రా బీఈ 6 పెద్ద బ్యాటరీతో 6.7. కియా ఈవీ6 రెండు మోటార్లతో 5.2. బీవైడీ సీల్‌లో అన్నిటికన్నా ఖరీదైన రకం 3.8. ఇరవయ్యేళ్ళ కిందట పందేలకి వెళ్ళే కార్లు చూసి గుడ్లు తేలేసే అంకెలివి. ఇప్పుడు కూరగాయల సంచీ పెట్టుకుని వెళ్ళే కార్లకొచ్చేశాయి. పుట్టుకతో వచ్చినదాన్ని ప్రతిభ అని ఎందుకు పొగడాలి?

ప్రతిభంతా ఆగడంలో ఉంది. తిరగడంలో ఉంది. అవి రెండూ షోరూములో గోడమీద రాసి ఉండవు.

ఆ ముచ్చట కూడా చెప్పాలి. మా శ్రీవారు ఊళ్ళో లేనప్పుడు, కొనబోయేది నేనూ నడిపే కారే కదా అని, ఒక షోరూముకి నేనొక్కదాన్నే వెళ్ళాను. టై కట్టుకున్న కుర్రాడు మంచి మర్యాదస్తుడు. కాఫీ తెప్పించాడు. రంగులు చూపించాడు. సీటుకి ఫ్యాను ఉందన్నాడు, పైన అద్దం కప్పు ఉందన్నాడు, వానిటీ అద్దానికి దీపం ఉందన్నాడు. "అరవైలో పోతుంటే బ్రేకు తొక్కితే ఎన్ని మీటర్లలో ఆగుతుంది బాబూ?" అని అడిగాను. అతను నా వంకా, కాఫీకప్పు వంకా చూసి, "సార్ ఎప్పుడొస్తారు మేడమ్?" అన్నాడు.

సార్ వచ్చినా ఆ ప్రశ్నకి అతని దగ్గర జవాబు లేదనుకోండి, అది వేరే సంగతి. కరపత్రమంతా వెతికాను. సెకండ్లున్నాయి, హార్స్‌పవరుంది, స్పీకర్లెన్నో ఉంది. మీటర్లు లేవు. సరే, నడిపి చూస్తానన్నాను. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీదికి తీసికెళ్ళి, "ఇప్పుడు గట్టిగా తొక్కండి మేడమ్, చూడండి మజా!" అన్నాడు. వీపు సీటుకి అతుక్కుపోయింది, మజాగానే ఉంది. "ఇప్పుడు రామానాయుడు స్టూడియో వైపు వాలులోకి పోనిద్దాం, అక్కడ చూస్తాను" అంటే మాత్రం "అది మా టెస్ట్ డ్రైవ్ రూటు కాదు మేడమ్" అన్నాడు. వాలు లేని చోట చూపించి వాలులో బతికేవాళ్ళకి అమ్మడం, చీర మడత విప్పకుండా అంచు మాత్రం చూపించి అమ్మడం లాంటిది. విప్పమంటే బట్టలకొట్టు గుమాస్తా అయినా విప్పుతాడు గదా!

ఇందులో బ్రేకు సంగతి మనం కాస్త తెలుసుకుని ఉండాలి, ఎందుకంటే ఇది పాతకారు బ్రేకులాంటిది కాదు. చిన్నప్పుడు అన్నయ్య సైకిలుకి డైనమో ఉండేది గుర్తుందా? దీపం వెలిగించుకోవడానికి దాన్ని టైరుకి ఆనిస్తే పెడలు బరువెక్కేది. చక్రం తిరుగుడులోంచి కరెంటు తీసుకుంటే చక్రానికి ఊపు తగ్గుతుంది మరి. ఎలక్ట్రిక్ కారులో ఆక్సిలరేటరు మీంచి కాలు తీయగానే మోటారే డైనమో అయిపోతుంది. కరెంటు బ్యాటరీలోకి వెనక్కి వెళుతుంది, కారు నెమ్మదిస్తుంది. దీన్ని వాళ్ళు రీజెన్ అంటారు. ఇది చాలనప్పుడు మామూలు బ్రేకు, డిస్కుని పట్టి ఆపేది, తోడవుతుంది. అంటే కాలి కింద పెడలు ఒకటే అయినా ఆపేవి రెండు. ఈ రెంటినీ అతుకు తెలీకుండా కుట్టడంలోనే కంపెనీ పనితనం కనిపిస్తుంది. సరిగా కుట్టకపోతే మొదట మెత్తగా దిగిన పెడలు చివర్లో గుంజుకుంటుంది.

ఇప్పుడు మన కొండ సంగతికి రండి. రాత్రంతా ఇంట్లో ఛార్జింగు పెడతాం. తెల్లారేసరికి బ్యాటరీ నూటికి నూరు. నిండిన బిందెలో ఇంకో చెంబెడు నీళ్ళు పోయలేం గదా, నిండిన బ్యాటరీ కూడా ఆ వెనక్కొచ్చే కరెంటుని తీసుకోలేదు. తీసుకోలేనప్పుడు రీజెన్ తగ్గిపోతుంది. కొన్ని కార్లు ఆ లోటుని మామూలు బ్రేకుతో తమంతట తామే భర్తీ చేస్తాయి, కొన్ని చెయ్యవు, తెరమీద ఓ చిన్న గుర్తు చూపించి ఊరుకుంటాయి. జూబిలీహిల్స్‌లో ఇళ్ళెక్కడున్నాయి? కొండమీద. పొద్దున్నే పిల్లల్ని బడికి దింపడానికి ఎటు వెళతాం? కిందికి. నిన్న సాయంత్రం కాలు తీయగానే నెమ్మదించిన కారు, ఇవాళ పొద్దున్న అదే వాలులో కాలు తీస్తే జారుకుంటూ పోతుంది. ఇది లోపం కాదు, విద్యుత్తు ధర్మం. కానీ కారు అప్పజెప్పేటప్పుడు కొబ్బరికాయ కొట్టించి, రిబ్బను కత్తిరింపించి, కేకు కోయించి ఫోటోలు తీసే షోరూమువాళ్ళు ఈ ఒక్క ముక్క చెప్పడానికి నోరు తెరవరేం? ఎనభై దగ్గర ఛార్జింగు ఆపేసుకుంటే సరిపోయేదానికి!

బరువు మాటో? బ్యాటరీ వల్ల ఇవి అదే సైజు పెట్రోలు కార్లకన్నా రెండు మూడు వందల కిలోలు ఎక్కువే తూగుతాయి. పదడుగులకి ఒకడుగు దిగే వాలులో, పొడిరోడ్డు మీదే ఆగడానికి పదోవంతు దూరం ఎక్కువ పడుతుంది. వానపడితే ఇంకా ఎక్కువ. వేగం రెట్టింపయితే ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. యాభైలో పది మీటర్లలో ఆగే కారు నూరులో నలభై మీటర్లు తీసుకుంటుంది. అదీ కాలు బ్రేకు మీదికి చేరాక. చూసి, ఉలిక్కిపడి, కాలు వేసేలోపు ఒక సెకండు గడిస్తే యాభైలోనే పధ్నాలుగు మీటర్లు అప్పటికే అయిపోయాయి. ఈ లెక్కలు నేను బి.ఏ. చదివినదాన్నే వేసుకోగలిగాను, వాళ్ళకి చేతకాదా?

చేతనవునని ఈ ఊళ్ళోనే నిరూపణ జరిగింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం పెట్టారు, దేశంలో మొదటిసారి. మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువ దారి, పద్ధెనిమిది మలుపులు. సినిమా తారలు వచ్చారు. ఆనంద్ మహీంద్రా రామ్‌చరణ్ దగ్గర నాటు నాటు అడుగు నేర్చుకున్నారు, ఆ వీడియో దేశమంతా చూసింది. చూడనిదేమిటంటే, ఆ కార్ల వెనక చక్రాలకి మామూలు పందెపు కార్లకుండే హైడ్రాలిక్ బ్రేకులే లేవు! ఆపే పని మోటార్లదే. పరుగెత్తించడానికి 350 కిలోవాట్లుంటే, ఆగేటప్పుడు తిరిగి రాబట్టుకోవడానికి 600 కిలోవాట్లు. అంటే ఉరకడానికన్నా ఆగడానికే ఎక్కువ శక్తి పెట్టారన్నమాట. పందెంలో వాడే కరెంటులో నలభై శాతం పైన అలా బ్రేకు వేసి సంపాదించుకున్నదే. ఆ రోజు అందరికన్నా ముందు బయల్దేరినవాడు మిచ్ ఎవాన్స్. హెయిర్‌పిన్ మలుపు దగ్గర సామ్ బర్డ్ కారు వచ్చి గుద్దింది. ఇద్దరూ ఒకే జట్టువాళ్ళు, ఇద్దరి పందెమూ అక్కడితో సరి. గెలిచినవాడు జాన్ ఎరిక్ వెర్న్. చివరి చుట్లలో వెనక తరుముతున్న కాసిడీకన్నా ఇతని బ్యాటరీలో మిగిలింది తక్కువ. పొదుపుగా నడిపి, మలుపు మలుపులో దారి కాచుకుని, అరసెకండు లోపు తేడాతో నెగ్గాడు. జీతం రాళ్ళు ఇరవయ్యో తారీఖుకే అయిపోతే నెలాఖరు దాకా ఇల్లు నడిపే ఇల్లాలికి ఆ పందెం అర్థమైనంత బాగా ఇంకెవరికి అర్థమవుతుంది?

ఆ వారంలోనే బాటిస్టా అనే ఎలక్ట్రిక్ కారు కూడా ఇక్కడికొచ్చి కొలువుతీరింది. పినిన్‌ఫరీనా కంపెనీది. నూరుకి 1.86 సెకండ్లట. మా మరిది ఆ అంకె జపంలా చెప్పాడు నెల్లాళ్ళు. ఆ కారే నూరులోంచి 31 మీటర్లలో ఆగుతుందని కంపెనీ చెప్పుకుంది. చేసినవాళ్ళకి అది గర్వకారణం. "అది తెలుసా?" అంటే, "అదెందుకొదినా?" అన్నాడు.

అదెందుకో అమెరికావాళ్ళని అడగాలి. 2018లో అక్కడి కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక టెస్లా మోడల్ 3ని పరీక్షించింది. గంటకి అరవై మైళ్ళ వేగంలోంచి ఆగడానికి 152 అడుగులు పట్టింది. ఈ కారుని కొనమని మేం చెప్పలేం అని మొహమాటం లేకుండా రాసేసింది. కొద్దిరోజుల్లో కంపెనీ ఇళ్ళ దగ్గరున్న కార్లకి గాలిలోంచే సాఫ్ట్‌వేరు మార్చి పంపింది. మళ్ళీ కొలిస్తే 133 అడుగులు! పంతొమ్మిది అడుగులు తగ్గాయి. కారుకి ఒక్క మర కూడా బిగించలేదు. ఒక పత్రిక అడిగినందుకు పంతొమ్మిది అడుగులు. ఆ పంతొమ్మిది అడుగుల్లో ఎంతమంది పిల్లలు పడతారో లెక్కవేసుకోండి.

చైనావాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. కాలు తీసినంత మాత్రాన కారు పూర్తిగా ఆగిపోయే ఏర్పాటు మామూలు అమరికగా ఉండకూడదని 2026 జనవరి నించి నియమం పెట్టారు. బ్రేకు పెడలు మీదికి కాలు వెళ్ళడం మనుషులు మరచిపోతారని భయం. పైపెచ్చు, కారు ఆన్ చెయ్యగానే ఉండే అమరికలో నూరుకి అయిదు సెకండ్లకన్నా తొందరగా వెళ్ళకూడదని 2025లో ముసాయిదా కూడా తయారుచేశారు. అందరికన్నా ఎక్కువ ఎలక్ట్రిక్ కార్లు చేసే దేశమే ఉరుకుకి కళ్ళెం వెయ్యాలని ఆలోచిస్తుంటే, మనం ఆ ఉరుకుకి హారతులిస్తున్నాం.

"భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు చూడండి, అయిదుకి అయిదు" అంటారు. మంచిదే, 2023లో మొదలైన ఆ పరీక్ష వచ్చాక కార్లు గట్టిపడ్డాయి. కానీ ఆ స్టార్లు ముఖ్యంగా చెప్పేది గుద్దుకున్నాక లోపలివాళ్ళు ఏమవుతారన్నది. గుద్దుకోకుండా ఆగుతుందా అన్నది ఎన్ని మీటర్లో చెప్పదు. లోపల మనమున్నాం సరే. బయటివాళ్ళో? పొద్దున్న ఆరింటికి ఫిలింనగర్ బస్తీల్లోంచి మన ఇళ్ళకి పనికొచ్చే ఆడవాళ్ళు ఫుట్‌పాత్ లేని రోడ్డు వారన, వాలు ఎక్కుతూ, వెనక్కి తిరక్కుండా నడుస్తారు. పాతకారయితే చప్పుడు విని పక్కకి తప్పుకునేవారు. దీనికి చప్పుడే లేదు. ఐరోపాలో 2021 నించి కొత్త ఎలక్ట్రిక్ కార్లన్నీ నెమ్మదిగా పోయేటప్పుడు బయటికి వినబడేలా చప్పుడు చెయ్యాలని చట్టముంది. మనకి రెహమాన్‌గారు మహీంద్రా కార్లకి ప్రత్యేకంగా నాదాలు కట్టి ఇచ్చారు. వినసొంపుగానే ఉంటాయి. మెడలో తువ్వాలేసుకుని రోడ్డు వారన నడిచే మనిషికి వినబడేదేదో కూడా అంత శ్రద్ధగా కట్టిస్తే బాగుండును.

తిరగడం గురించి రెండు మంచి మాటలు చెప్పకపోతే అన్యాయం. బ్యాటరీ నేలమట్టాన పరిచి ఉంటుంది కనక ఈ కార్లు మలుపులో ఎత్తు బండిలా పక్కకి వాలిపోవు. అడుగున బరువున్న బిందె నిలకడగా ఉన్నట్టు ఉంటాయి. మన సందుల్లో ఎంజీ కామెట్ అంత హాయిగా తిరిగేది లేదు, 4.2 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోతుంది. దాన్ని చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు, అగ్గిపెట్టెలా ఉందని. 42 హార్స్‌పవరే అని. ఆ నవ్విన పెద్దమనిషే ఫిలింనగర్ సందులో రెండు టన్నుల బండి అడ్డంగా ఇరికించి, ముందుకీ వెనక్కీ అయిదుసార్లు కోస్తుంటే, అగ్గిపెట్టె పక్కనించి దూరి వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. పెద్ద కార్లలో బీఈ 6 పదిమీటర్ల వ్యాసంలో తిరుగుతుందని చెప్పుకుంది. అలా చెప్పుకున్నందుకు దానికో నమస్కారం. మిగతావాళ్ళూ చెప్పాలి.

ఇక వెనకసీటు! కార్లు పరీక్షించే మహానుభావులు ఎప్పుడైనా వెనక కూర్చున్నారా? రీజెన్ బాగా పెంచుకుని నడిపేవాడు కాలు తీసినప్పుడల్లా బండి ముందుకి తూలుతుంది, వేసినప్పుడల్లా వెనక్కి. నడిపేవాడికి ముందే తెలుసు కనక వాడి ఒళ్ళు సర్దుకుంటుంది. వెనకున్న మా అత్తగారికి తెలీదు. చెక్‌పోస్ట్ దాటేసరికి ఆవిడ నిమ్మకాయ వాసన చూడ్డం మొదలెడతారు. చాలా కార్లలో ఆ రీజెన్ని తగ్గించుకునే మీట ఉంది. కొడుకులకీ మనవళ్ళకీ దాన్ని తగ్గించడం నామోషీ. తగ్గించమని గట్టిగా చెప్పండి. వినకపోతే చీర మీద కక్కుతానని చెప్పండి, వింటారు.

ఇంకోటి, బొత్తిగా ఇంటిపని లాంటిది. రీజెన్ వల్ల మామూలు బ్రేకుకి పని తగ్గిపోతుంది, పని లేని ఇనుముకి తుప్పు. వాడని కత్తిపీట వానాకాలంలో ఏమవుతుందో మనకి తెలుసు. ఫోక్స్‌వ్యాగన్‌వాళ్ళు ఐడి.4కి వెనక చక్రాలకి మూసి ఉండే డ్రమ్ బ్రేకులు పెట్టడానికి ఇదీ ఒక కారణం. అంచేత అప్పుడప్పుడూ, వెనక ఎవరూ లేనప్పుడు, కావాలని గట్టిగా బ్రేకు తొక్కి డిస్కులు శుభ్రం చేసుకోవాలి.

మా మరిది దగ్గర చివరి అస్త్రం ఒకటుంది. "ఉరుకు కూడా రక్షణే వదినా, లారీని దాటాలంటే కావాలి" అంటాడు. ఒప్పుకుంటాను. లారీని దాటడానికి తొమ్మిది సెకండ్ల కారు చాలు. మూడు సెకండ్ల కారు కావలసింది పక్క కారుని దాటడానికి.

షోరూములో ప్రతి కారు పక్కనా ఒక పలక పెట్టించాలి. అయిదుగురు మనుషులు కూర్చుని, అరవైలోంచి, పొడిరోడ్డు మీద ఇన్ని మీటర్లు, తడిరోడ్డు మీద ఇన్ని మీటర్లు, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఇన్ని మీటర్లు. సెకండ్ల అంకె ఎంత పెద్దక్షరాల్లో రాశారో ఇదీ అంతే పెద్దక్షరాల్లో రాయాలి. చట్టం చేసేదాకా ఆగక్కర్లేదు. ఈ దసరాకి కారు కొనబోయే ప్రతి ఇంట్లోంచీ ఒక ఆడమనిషి వెళ్ళి, కాఫీ తాగి, ఆ ప్రశ్న అడిగి, జవాబు రాకపోతే లేచి పక్క షోరూముకి వెళ్ళాలి. "సార్ ఎప్పుడొస్తారు?" అని అడిగితే, "మీటర్లు తెలిశాక వస్తారు" అని చెప్పండి.